చెట్టుక్రింది ప్లీడరును, గుత్తి ప్రజాసంఘమును



మన తెలుగునాట "చెట్టుక్రింది ప్లీడరు" అను మాట యొకటి వాడుకలో నున్నది. క్రొత్తగా పట్టా పుచ్చుకొని, నల్లకోటు తొడిగి, వకాలత్తు వ్రాసి యిచ్చు కక్షిదారుడు లేక, కోర్టు ఆవరణములోని వేపచెట్టు నీడను ప్రొద్దుపుచ్చు యువకుని ఇట్లు పరిహసింతురు. కణేకల్ వంటి యూళ్ల నుండి నేడు న్యాయశాస్త్రము చదివి వచ్చు పిల్లలు అనేకులు కలరు. వారి తాతలు రచ్చకట్టమీద చెప్పుకొను మాటలను నేను వినుచుందును. "రెండెకరము లమ్మి చదివించితిమి. వీడు కోర్టులో కుదురుగా కూర్చుండడు. ఒకనాడు సంఘ మనును, ఒకనాడు సభ యనును. దానివలన వచ్చున దేమి? అన్నమా, వస్త్రమా?" అని వారి బాధ.

ఆ బాధ త్రోసిపుచ్చదగినది కాదు. వాన కురిసినయేడు పండి, కురియనియేడు ఎండు నేలమీద బ్రదుకువారికి పిల్లవాని చదువు పెద్ద పెట్టుబడి. కాని వారి ప్రశ్నకు జవాబు మనసీమ చరిత్రలోనే యున్నది. గడచిన నూటనలువది సంవత్సరములలో గుత్తి, బళ్లారి, మదరాసు నగరములందు యువన్యాయవాదులు సభలు కట్టి యేమి సాధించిరో, యెచ్చట తప్పిరో నేడు మీకు విన్నవించెదను. నేను న్యాయవాదిని గాను. బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. కావ్యములతోపాటు ధర్మశాస్త్రము కొంత గురుముఖమున చదివినవాడను.

మొదట ఒక్క సందేహము తీర్చవలెను. వృత్తివారు సంఘముగా కూడుట తెల్లవారు నేర్పిన క్రొత్త విద్య యని కొందఱు తలంతురు. అది సరికాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున తగవులు తీర్చు స్థానములు చెప్పబడినవి. కులము, దానికి పైన శ్రేణి, దానికి పైన పూగము, అన్నిటికి పైన రాజు నియమించిన సభ. శ్రేణి యనగా ఒకే వృత్తిచే జీవించువారి కూటమి. పూగ మనగా వేర్వేరు కులములవారును, వేర్వేరు వృత్తులవారును ఒకచోట నివసించుచు కూడిన కూటమి. ఈ స్మృతికి మితాక్షర యను గొప్ప వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణనగరమందు రచించెను. దానిని ననుసరించి పదుమూడవ శతాబ్దమున కేతనకవి విజ్ఞానేశ్వరీయమును తెనుగు పద్యములలో నిర్మించెను. కావున వృత్తిసంఘమును గూర్చిన యాలోచన మన నేలకు పరాయిది కాదు.

శాస్త్ర మక్కఱలేదన్నచో మనయూరి చెఱువునే చూడుడు. కణేకల్ చెఱువు పెద్దది. హగరి యనబడు వేదావతి నీరు కాలువగుండ దానికి వచ్చెడిది. ఆ కాలువ ఇసుకతో పూడినప్పుడు ఒక్క రైతు పార పట్టుకొని పోయి తన చేనికి మాత్రము నీరు తెచ్చుకొనగలడా? ఆయకట్టు రైతులందఱు కూడి పూడిక తీయవలెను. దీనినే కుడిమరామతు అనిరి. కూడినవారిలో ఒకనికి ఒకడు చుట్టము కాకపోవచ్చును, స్నేహితుడును కాకపోవచ్చును. నీరు ఒక్కటి, కాలువ ఒక్కటి, కావున పనియు ఒక్కటి. న్యాయవాదుల సంఘమునకు మూలమును ఇదియే.

ఇక చరిత్రకు వత్తము. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. అందువలన దీనికి దత్తమండలమని పేరు వచ్చెను. మొదటి ఏడు సంవత్సరములు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని పాదుకొల్పెను. 1862లో మదరాసు హైకోర్టు ఏర్పడెను. 1882లో బళ్లారి జిల్లానుండి గుత్తి, తాడిపత్రి, పెనుకొండ మొదలగు తాలూకాలు విడివడి అనంతపురము జిల్లా యైనది. మన కణేకల్ చేరియున్న రాయదుర్గము తాలూకా మాత్రము బళ్లారిలోనే నిలిచెను. మన పూర్వులు దావా వేయవలెనన్నను, అప్పీలు చేయవలెనన్నను బళ్లారి ముఖము చూడవలసినదే.

ఆనాడు న్యాయవాదులలో తరగతులు పెక్కు. సీమకు పోయి వచ్చిన బారిష్టరులు పైమెట్టు. తరువాత హైకోర్టు వకీళ్లు. ఆ క్రింద జిల్లాకోర్టులలోను, మునసబుకోర్టులలోను వాదించు మొదటి తరగతి, రెండవ తరగతి ప్లీడర్లు. పైమెట్టువారు క్రిందివారిని సరకు చేయరు. దొర కలెక్టరు వీరిలో ఎవ్వరినిగాని లక్ష్యపెట్టడు. పల్లెనుండి వచ్చిన పిన్నవాడు ఈ నిచ్చెన ఎక్కుటెట్లు? పెద్దవకీలు బంధువైనచో ఎక్కును, కానిచో చెట్టుక్రింద నిలుచును. ఈ పరిస్థితిలోనే సభలు పుట్టినవి.

మదరాసు తిరువళ్లిక్కేణిలో ఒక సాహిత్యసంఘ ముండెను. అందు చదువుకొన్న యువకులు సాయంకాలములందు కూడి చర్చించుకొనెడివారు. 1878లో ముత్తుస్వామి అయ్యరు మదరాసు హైకోర్టునకు తొలి భారతీయ న్యాయమూర్తి యాయెను. ఇంగ్లీషు పత్రికలు ఆ నియామకమును నిందించినవి. దానికి జవాబు చెప్పుటకు మన పత్రిక లేదు. అప్పుడు ఆ సంఘములోని ఆర్గురు యువకులు ముందునకు వచ్చిరి. వారిలో ఇరువురు ఉపాధ్యాయులు, జి. సుబ్రహ్మణ్య అయ్యరును, ఎం. వీరరాఘవాచార్యులును. మిగిలిన నలువురును న్యాయశాస్త్ర విద్యార్థులు. ఆ నలువురిలో ఒకరు మన తెలుగువారు, తరువాత రాజమహేంద్రవరమున ప్రసిద్ధ న్యాయవాదియైన న్యాపతి సుబ్బారావు పంతులు. వీరు ఒక రూపాయి పండ్రెండణాలు అప్పుచేసి 80 ప్రతులు అచ్చొత్తించిరి. అదియే "హిందూ" పత్రిక మొదటి సంచిక.

ఇందు గమనింపదగినది యొకటి కలదు. ఆ న్యాయవిద్యార్థులు కొలదికాలములోనే తమ వృత్తిలోనికి వెళ్లిపోయిరి. పత్రికలో నిలిచినవారు ఉపాధ్యాయులిరువురే. ఐనను ఆ సంఘములో కుదిరిన పరిచయము ఊరక పోలేదు. సుబ్బారావు పంతులు రాజమహేంద్రవరమున ప్రజాకార్యములందు పాల్గొని, 1914 మొదలు 1917 వఱకు కాంగ్రెసునకు ప్రధాన కార్యదర్శిగా నుండెను. ఇరువది రెండవ యేట సాయంకాలపు చర్చాసంఘములో మొదలైన మార్గము అంతదూరము నడచినది. 1884లో మదరాసు మహాజనసభ పుట్టెను. దానిని స్థాపించినవారిలో చిత్తూరు కట్టమంచివాడైన పనప్పాకము ఆనందాచార్యులు ఒకరు. ఆయన కాయలి వెంకటపతి యను వకీలు వద్ద శిష్యరికము చేసి హైకోర్టు వకీలైనవాడు. బారిష్టరులకు వేఱు సంఘము ముందే యుండెను. వకీళ్లకు తమదైన సంఘము ఆయన కచేరిగదిలోనే రూపొందినది. 1891లో నాగపురి కాంగ్రెసునకు ఆయన యధ్యక్షుడాయెను.

ఇవి పట్టణపు మాటలు. మన మెట్టభూములలో ఏమి జరిగెను?

1876 నుండి 1878 వఱకు వచ్చిన గొప్పకఱవు దత్తమండలమును పీల్చి పిప్పిచేసెను. పశువులు చచ్చెను, పల్లెలు పాడువడెను, అప్పులు పెరిగెను. ఆ గాయము మానకముందే 1882లో మదరాసు అడవి చట్టము వచ్చెను. తరతరములుగా పశువులు మేసిన బీళ్లు, కట్టెలు కొట్టుకొన్న గుట్టలు రిజర్వు అడవులలో చేరజొచ్చెను. మేత కొఱకు పోయిన పశువు బందెలదొడ్డిలో పడెను, కట్టెలు తెచ్చిన మనిషి జరిమానా కట్టెను. రైతునకు తన బాధను ఇంగ్లీషులో వ్రాసిపెట్టు దిక్కు కావలసివచ్చెను.

ఇట్టి సమయమున గుత్తిలో పట్టు కేశవపిళ్ల యను ప్లీడరు కానవచ్చుచున్నాడు. 1860లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో పుట్టినవాడు, తమిళుడు. గుత్తి ఆయనకు పుట్టినయూరు కాదు. పొలము పుట్రలతోగాని, పాలెగాళ్ల వంశములతోగాని సంబంధములేనివాడు. ఇట్టి పరదేశి యువకుడు చెట్టుక్రింద నిలిచిపోవుటకు అన్ని కారణములు నుండెను. ఆయన హిందూ పత్రికకు గుత్తినుండి వార్తలు వ్రాసెను, గుత్తి ప్రజాసంఘమునకు కార్యదర్శి యాయెను. ఆనాటి ఇట్టి సంఘముల పని ఆడంబరమైనది కాదు. రైతుల మొఱ వినుట, వివరములు కూర్చుట, మహజరు వ్రాసి పదిమందిచేత చేవ్రాళ్లు పెట్టించి పై యధికారికి పంపుట, జవాబు రానిచో పత్రిక కెక్కించుట. ఇంతియే. కాని ఈ పనిలో ఒక మర్మ మున్నది. ప్లీడరు ఒంటరిగా వ్రాసిన జాబును గుమాస్తా మూలపడవేయును. ప్రజాసంఘ కార్యదర్శి వ్రాసిన మహజరునకు కచేరిలో ఒక నంబరు పడును. నంబరు పడిన కాగితమునకు ఎవడో యొకడు జవాబు వ్రాయక తప్పదు.

1885 డిసెంబరు 28వ తేది బొంబాయిలో గోకులదాస తేజపాలు సంస్కృత పాఠశాల భవనమున భారతజాతీయ కాంగ్రెసు తొలిసారి కూడినది. పూనాలో జరుగవలసినది, అచ్చట కలరా సోకుటచే బొంబాయికి మారినది. కలకత్తా బారిష్టరు ఉమేశచంద్ర బెనర్జీ యధ్యక్షుడు. ప్రతినిధులు 72 మంది, వారిలో న్యాయవాదులు అనేకులు. మదరాసునుండి ఆనందాచార్యులును, మహాజనసభాధ్యక్షుడు పి. రంగయ్యనాయుడును వెళ్లిరి. బళ్లారినుండి వర్తకుడు సభాపతి మొదలియారు వెళ్లెను. ఆ పెద్దలనడుమ గుత్తి ప్రజాసంఘ కార్యదర్శిగా ఇరువదియైదేండ్ల కేశవపిళ్లయు కూర్చుండెను. ఆయనను అచ్చటికి చేర్చినది కులము కాదు, ధనము కాదు, గుత్తిలోని ఆ చిన్నసంఘము. ఇంకొక కారణముకూడ చెప్పవలెను. మదరాసు బొంబాయి రైలుమార్గము 1871 నాటికే గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరున కలిసినది. సంఘము పిలుపునకు పోవుటకు రైలు దారి యిచ్చినది.

ఆ పరిచయము దేనికి పనికివచ్చినదో 1893లో తేలెను. ఆ సంవత్సరము అక్టోబరు మొదటి దినములలో గుంతకల్లు రైలుస్టేషనుకు దాపున ఇంగ్లీషు సోల్జర్లు కొందఱు ఇద్దఱు స్త్రీలను వెంటాడిరి. ఆ స్త్రీలు రైలుగేటువద్దకు పరుగెత్తిరి. గేటు కావలివాడు గూళపాళెము హంపన్న. అతడు వారికి ఆశ్రయ మిచ్చి, తాను అడ్డము నిలిచెను. ఒక సోల్జరు తుపాకి పేల్చెను. హంపన్న చనిపోయెను. గేటు కావలివాని జీతమెంత, వాని పలుకుబడి యెంత? దొరసేనపై వాని పక్షమున నోరు విప్పువా రెవరు? గుత్తి కేశవపిళ్ల విప్పెను. సంగతిని పత్రిక కెక్కించెను, నేరము మఱుగున పడకుండ పాటుపడెను. విచారణ మదరాసు హైకోర్టు వఱకు పోయెను. ఐనను జ్యూరీ ఆ సోల్జరును నిర్దోషి యనెను.

కేసు ఓడిపోయినది. ఇక్కడ వృద్ధులు "చూచితిరా, సభలవలన వచ్చిన దేమి?" అని యడుగవచ్చును. వచ్చిన దిది. సంఘమును, పత్రికయు లేకున్నచో హంపన్న చావు పోలీసుస్టేషను పుస్తకములో ఒక్క వరుసగా ముగిసియుండెడిది. అవి యుండుటచే దేశమంతయు ఆ పేరు వినెను. చందాలు ప్రోగై గుత్తిలో హంపన్నకు స్మారకశిల లేచెను. రాజులకును, దండనాయకులకును శిలలు నిలిపిన మనసీమలో ఒక గేటు కావలివానికి శిల నిలిచినది. తీర్పు జ్యూరీది, శిల ప్రజలది. కోర్టులో దొరకని గౌరవమును ప్రజాసంఘము ఇప్పించినది.

కేశవపిళ్ల పని అంతతో ఆగలేదు. 1909 తరువాత మదరాసు శాసనసభలో సభ్యుడై, అడవి చట్టముచే రైతులు పడు బాధలను ప్రస్తావించెను. 1922లో బ్రిటిషు గయానా యను దూరద్వీపాంతరసీమకు ఇండియానుండి పోయిన బృందమునకు నాయకుడాయెను. చెఱకుతోటలలో పనిచేయుటకు మనవారు ఆ దేశమునకు కూలీలుగా పోయియుండిరి. ఇంకను కూలీలను పంపవచ్చునా యని చూచిరమ్మని ఈ బృందమును పంపిరి. కేశవపిళ్లయు, తివారీ యను సహసభ్యుడును అచ్చటి మనవారి ఇండ్ల దుస్థితిని, బ్రదుకును పరిశీలించి, క్రొత్తగా జనులను పంపుటకు అనుకూలముగా వ్రాయలేదు. గుత్తి మునసబుకోర్టు ప్లీడరు మాట సముద్రముల కావలి కూలీలకు పనికివచ్చినది. ఆయన 1933లో కీర్తిశేషు డాయెను.

ఇక మన పూర్వుల కోర్టు పట్టణమైన బళ్లారి సంగతి వినుడు. అచ్చటి న్యాయవాదు లిరువురు వేఱొక దారి త్రొక్కిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853లో జన్మించినవాడు. పగలు కోర్టులో వకాలతీ, రాత్రి నాటకరచన. ఆయన సరసవినోదినీ సభను స్థాపించి చిత్రనళీయము మొదలగు నాటకములు వ్రాసి యాడించెను. ఆంధ్రనాటకపితామహుడని బిరుదు గాంచెను. కోలాచలము శ్రీనివాసరావు 1854లో జన్మించినవాడు, ఆయనయు బళ్లారి వకీలే. ఆయన సుమనోరమసభ వారికి విజయనగర పతనకథయగు రామరాజు చరిత్ర మొదలగు నాటకములు వ్రాసెను. రెండు సభలకును పోటీ హెచ్చు. ఐనను ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ, తానును న్యాయవాదియే, మేనమామ నాటకములలో నటించి, కోలాచలమువారి రామరాజు చరిత్రలో పఠాను రుస్తుముగా వేషము కట్టి పేరుపొందెను. కోర్టులో ఎదురెదుర నిలిచి వాదించువారు రాత్రి ఒకే రంగస్థలముమీద కలియుట చిన్నవిషయము కాదు. వాదము వృత్తి, వైరము కాదు అని యువన్యాయవాదికి తెలియవలసిన మొదటిపాఠ మిదియే. ఆ పాఠము సెక్షన్ల పుస్తకములో దొరకదు.

ఇంతవఱకు మేలు చెప్పితిని. లోపములు దాచుట చరిత్ర చెప్పువానికి తగదు.

ఆ సభల వ్యవహార మెక్కువగా ఇంగ్లీషులో నడచెను. ఎవరి బాధను గూర్చి మాటలాడిరో ఆ రైతునకు ఆ మాటలు తెలియవు. వానిని బల్లదగ్గఱ కూర్చుండబెట్టినవారు అరుదు. స్త్రీలు న్యాయవాదులుగా నుండుటకు అర్హులని చట్టము చెప్పినది 1923లో. అంతకుముందు న్యాయవాదుల సంఘములో వారికి తావు లేదు. మఱియు సభయే నిచ్చెనగా వాడుకొని, మెట్టెక్కిన తరువాత నిచ్చెన తన్నివేసినవారు ప్రతి తరమునను గలరు. రావుబహదూరు బిరుదునకై సభ పెట్టి, బిరుదు రాగానే తలుపు మూసినవారిని గూర్చి మన తాతలు నవ్వుకొనెడివారు.

ఇంకొక చిక్కును కలదు. 1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలిచినప్పుడు న్యాయవాదులు కోర్టులు విడువవలెననిరి. టంగుటూరి ప్రకాశముగారును, గుంటూరు కొండ వెంకటప్పయ్యగారును గొప్ప ఆదాయములను విడిచిరి. దివాన్ బహదూరు కేశవపిళ్ల శాసనసభలోనే యుండి అచ్చట ఉపాధ్యక్షుడాయెను. కోర్టు విడిచినవారిది త్యాగము. విడువనివారిది ద్రోహమా? నే నట్లు చెప్పజాలను. ఒకడు కాలువకట్ట మీద నిలిచి పోరాడును, ఒకడు తూము దగ్గఱ నిలిచి నీరు పంచును. ఎవనివలన ఎన్ని చేలు తడిసినవో అది చూడవలెను. ఐనను ఒక్కమాట నిశ్చయముగా చెప్పుదును. ప్రజాసంఘము పెట్టినవాడు ప్రజలు వేఱుదారి పట్టినప్పుడు తన మార్గమును వారికి విప్పి చెప్పుటకు బద్ధుడు.

న్యాయవాదుల సంఘబలము మన కణేకల్ హద్దులనే మార్చినది. గుంటూరులోని యువజన సాహిత్యసంఘములో ఆంధ్రరాష్ట్రమును గూర్చిన చర్చ పెరిగెను. 1913లో బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ కూడినది. అధ్యక్షుడు విశాఖపట్టణపు న్యాయవాది బయ్యా నరసింహేశ్వర శర్మ. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభతో పాటు జరిగిన దత్తమండలముల సమావేశమునకు కడప న్యాయవాది కోటిరెడ్డి యధ్యక్షత వహించెను. దత్తమను చిన్నతనపు పేరు మాని రాయలసీమ యని పిలువవలెనని చిలుకూరి నారాయణరావుగారు సూచించినది అచ్చటనే. 1937 నవంబరు 16వ తేది మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు భవనమున కోస్తావారును, రాయలసీమవారును ఒడంబడిక చేసికొనిరి. కోటిరెడ్డి, కొండ వెంకటప్పయ్య, మన అనంతపురము జిల్లావారగు కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు మొదలగువారు దానిపై చేవ్రాలు చేసిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదియేండ్లపాటు రాయలసీమకు ముందు చూపు చూపవలెనని అందొక నియమము. రాజధానియో హైకోర్టో యొకటి రాయలసీమలో నుండవలెనని మఱియొకటి.

1953 అక్టోబరు 1వ తేది ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా వెలసెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారినుండి విడివడి ఆంధ్రములో చేరినవి. బళ్లారి పట్టణము మైసూరునకు పోయెను. ఆనాటినుండి కణేకల్ అనంతపురము జిల్లాలోని దాయెను. మన కాగితములు బళ్లారికి పోవుట మానినవి. హైకోర్టు 1954లో గుంటూరునకు, 1956లో హైదరాబాదునకు, 2019 జనవరి 1వ తేదినుండి అమరావతికి మారెను. శ్రీబాగు కాగితములోని హైకోర్టు మాట మాత్రము నేటికిని రాయలసీమ న్యాయవాదసంఘముల నోట వినబడుచునే యున్నది. పదిమంది కూడి వ్రాసిన కాగితమునకు ఆయువు ఎక్కువ.

ఇక నేటి పిల్లవాని సంగతి. 1961 నాటి అడ్వకేటుల చట్టముతో పాత తరగతులు పోయినవి. నేడు అందఱును అడ్వకేటులే. రాష్ట్రమున బారు కౌన్సిలు, ప్రతి కోర్టువద్ద బారు అసోసియేషను కలవు. న్యాయవాది తన్ను గూర్చి తాను ప్రకటనలు వేసికొని పని అడుగరాదని నియమము. అంగడివాడు బోర్డు కట్టి, కేక వేసి సరకు అమ్మవచ్చును. న్యాయవాది అట్లు చేయరాదు. అట్లయిన వాని గుణము లోకమునకు తెలియు టెట్లు? రెండు దారులున్నవి. ఒకటి దళారి. బస్సు దిగిన పల్లెవానిని పట్టుకొని ప్లీడరునకు అప్పగించి కమీషను తినువాడు. తెల్లవారి కాలముననే చట్టము దళారుల పేళ్లు పట్టికకెక్కించి కోర్టు ఆవరణమునుండి వెలివేయు నధికారమును న్యాయమూర్తుల కిచ్చెను. ఐనను ఆ జాతి అంతరింపలేదు. రెండవది సంఘము. నలువురిలో పని చేయగా, వాని మాటతీరు, నిజాయితీ, శ్రమ తోడి న్యాయవాదులకు తెలియును. పెద్దవకీలు తనకు తీరికలేని కేసును అట్టివానికి అప్పగించును. మన పిల్లవాడు సంఘమునకు పోనిచో దళారి యింటికి పోవలసివచ్చును. వృద్ధులారా, ఈ రెంటిలో దేనికి మీరు సమ్మతింతురు?

సంఘములో పిన్నవాడు చేయదగిన పని యొకటి చెప్పెదను. 1987లో న్యాయసేవల చట్టము వచ్చినది, 1995 నవంబరు 9 నుండి అమలైనది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, మఱికొందఱికి న్యాయవాది ఉచితముగా లభించును. వఱద, భూకంపము మొదలగు విపత్తులచే బాధితులైనవారికిని ఆ హక్కు కలదు. ఆ పట్టికలో కఱవు పేరు స్పష్టముగా నున్నది. హగరి ఇసుక చేలమీద కప్పుకొను మన మండలములో ఈ సంగతి యెందఱికి తెలియును? లోకదాలతులో రాజీపడిన తగవునకు మరల అప్పీలు లేదు, కట్టిన కోర్టురుసుము తిరిగి వచ్చును. యువన్యాయవాది న్యాయసేవాధికార సంస్థలో చేరి, నెలకొక పల్లెలో రచ్చకట్టమీద కూర్చుండి ఈ విషయములు తెలుగున చెప్పినచో పాతసభల ఇంగ్లీషు దోషము తీరును. వానికిని నూరు గ్రామములలో పరిచయ మేర్పడును.

కాని ప్రతి సభయు మంచిసభ కాదు. మీ మనుమడు సంఘమునుండి యింటికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. నేడు ఎవని మొఱ వింటిరి? సంఘము డబ్బునకు లెక్క వ్రాసిరా, దానిని అందఱకు చదివి వినిపించిరా? నీకంటె పెద్దవానివద్ద ఏమి నేర్చితివి, నీకంటె చిన్నవానికి ఏమి నేర్పితివి? వీనికి జవాబున్నచో వానిని పోనిండు, దారిఖర్చును ఇండు. జవాబు లేక ఫలహారములును, పూలదండలును, ఫొటోలును మాత్రమే యున్నచో పిలిచి మందలింపుడు. ఆ హక్కు మీది, ఏలయన ఆ రెండెకరములు మీవి.

కేశవపిళ్ల గుత్తికి వచ్చిననాడు ఆయనను ఎరిగినవారు కొలదిమంది. ఆయన మొఱ వినుటతో మొదలుపెట్టెను. హంపన్నకు చుట్టమును కాడు, ఆతని కులమువాడును కాడు. ఐనను హంపన్న పేరు నేటికి నిలిచియుండుటలో ఆయన పాలు గలదు. మన యూరి పిల్లలలో ఒక్కడైనను ఇట్టి చుట్టరికమును సంపాదించినచో అమ్మిన పొలమునకు ఫలము దక్కినట్లే.

స్వస్తి.